చెయ్యని పనికి టిక్కు పెట్టిన రాత్రి నుంచి రిలీవింగ్ లెటర్ దాకా: ఒక ఐసీయూ నర్సుగా నా అనుభవం

నేను జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివిన నర్సుని. మాది సూర్యాపేట దగ్గర ఊరు. హైదరాబాద్‌లో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో 2019 జూన్ 10న చేరాను, 2024 జూలై 20న బయటికి వచ్చాను. ఆసుపత్రి పేరు రాయను. రాజీనామా ఇచ్చిన రోజు నుంచి నా సర్టిఫికెట్లు, నాకు రావలసిన డబ్బులు మొత్తం చేతికి వచ్చేసరికి ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలల్లో ఏం జరుగుతుందో నాకు ముందుగా చెప్పినవాళ్ళు లేరు. ఇప్పుడు ఉద్యోగం మానేసే ఆలోచనలో ఉన్న సిస్టర్లు, బ్రదర్లు చాలామంది ఉన్నారని తెలుసు. వాళ్ళ కోసం తేదీలతో సహా రాస్తున్నాను.

మొదలు ఎక్కడ అని అడిగితే నేను 2024 జనవరి 31 అంటాను. ఆ రోజు ఎల్బీ స్టేడియంలో ప్రభుత్వం 6,956 మంది స్టాఫ్ నర్సులకి నియామక పత్రాలు ఇచ్చింది. ఆ పోస్టులకి 2023 ఆగస్టు 2న జరిగిన పరీక్ష నేనూ రాశాను, రాలేదు. మా ఐసీయూలో ఉన్న 22 మందిలో ఐదుగురికి వచ్చింది. వాళ్ళలో ఒకామె నాతో పాటే చేరిన అమ్మాయి, హాస్టల్లో నా పక్క మంచం. ఆమె ఫోన్లో వాళ్ళమ్మకి చెప్తూ ఏడుస్తుంటే నేనూ ఏడ్చాను. అది సంతోషమే. ఇప్పటికీ సంతోషమే.

ఫిబ్రవరి నెలాఖరుకి ఐదుగురూ వెళ్ళిపోయారు. వాళ్ళ స్థానంలో ఇద్దరు కొత్త పిల్లలు వచ్చారు, కాలేజీ నుంచి నేరుగా. వాళ్ళకి వెంటిలేటర్ పేషెంటుని ఇవ్వలేం, వాళ్ళని మేమే చూసుకోవాలి. మంచాలు మాత్రం అవే 18. అంతకుముందు షిఫ్టుకి ఆరుగురం ఉండేవాళ్ళం, ఒకరికి ముగ్గురు పేషెంట్లు. మార్చికి వచ్చేసరికి రాత్రి నలుగురం. ఒకరికి నలుగురు, ఒక్కోసారి ఐదుగురు. మేం చదువుకున్న ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్కలో ఐసీయూలో మంచానికి ఒక నర్సు ఉండాలి. పైగా సెలవుల కోసం మరో 30 శాతం మందిని అదనంగా పెట్టుకోవాలి. ఆ లెక్క పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. డ్యూటీలో ఒక్క రోజు కూడా చూడలేదు.

నైట్ డ్యూటీ అంటే రాత్రి 8 నుంచి ఉదయం 8. హ్యాండోవర్ అయి బయటపడేసరికి 9 దాటుతుంది. ఎవరైనా రాకపోతే ఈవినింగ్ చేసినవాళ్ళనే ఆపుతారు. అంటే మధ్యాహ్నం 2 నుంచి మర్నాడు ఉదయం 8 దాకా, 18 గంటలు. మేం దాన్ని డబుల్ అంటాం. మార్చిలో నాకు ఏడు డబుల్స్ పడ్డాయి. కాంప్ ఆఫ్, అంటే బదులు సెలవు ఇస్తామన్నారు. జూలైలో వెళ్ళేటప్పుడు అందులో నాలుగు రోస్టర్‌లో అలాగే మిగిలి ఉన్నాయి.

ఇప్పుడు రాయబోయేది రాయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను. రాస్తాను, ఎందుకంటే అసలు విషయం అదే.

మంచం మీద కదలలేని పేషెంటుని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. తిప్పకపోతే వీపు కింద, పిర్రల దగ్గర చర్మం చెడి పుండు పడుతుంది. తిప్పినట్టు చార్టులో సమయం వేసి టిక్కు పెట్టి సంతకం చెయ్యాలి. తొమ్మిదో నంబరు మంచం మీద పక్షవాతంతో వచ్చిన పెద్దాయన ఉండేవారు. వెంటిలేటర్, 80 కిలోల పైనే ఉంటారు. ఆయన్ని తిప్పడానికి కనీసం ఇద్దరు కావాలి, ట్యూబు పట్టుకోవడానికి ఇంకొకరు ఉంటే మేలు. ఆ రాత్రి నాకు ఆయనతో కలిపి నలుగురు. వార్డు మొత్తానికి ఒక్క వార్డ్ బాయ్. పదకొండో నంబరు మంచంలో ఆమెకి బీపీ పడిపోతోంది, బీపీ నిలబెట్టే నోర్‌అడ్రినలిన్ మందు పంపు దగ్గర నుంచి కదల్లేను. 12 గంటలకి తిప్పలేదు. 2 గంటలకి తిప్పలేదు. 4 గంటలకి తిప్పాం. ఉదయం 7 గంటలకి చార్టు తీసి 12కి, 2కి, 4కి, 6కి వరసగా టిక్కులు పెట్టి సంతకం చేశాను.

అలా నేను ఒక్కదాన్నే చెయ్యలేదని తెలుసు. మా అందరి చార్టులూ ఉదయం 7 గంటలకి ఒకేసారి నిండేవి. చార్టు ఖాళీగా ఉంటే మెమో వస్తుంది. నిండి ఉంటే ఎవరూ అడగరు.

ఐదో రోజు ఆయన నడుము కింద చర్మం పైపొర లేచిపోయింది. ఆయన కూతురు విజిటింగ్ టైంలో వచ్చి, "సిస్టర్, నాన్న వీపు అంత ఎర్రగా ఉందేంటి, నొప్పి తెలుస్తుందా ఆయనకి?" అని అడిగింది. కోపంగా కాదు, మామూలుగానే అడిగింది. పైగా నా చేతిలో రెండు చాక్లెట్లు పెట్టి, రాత్రంతా మీరే చూసుకుంటున్నారు సిస్టర్ అంది. నేను బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి నిలబడ్డాను. ఏడుపు రాలేదు. రాకపోవడమే నాకు భయం వేసింది.

తర్వాత ఏప్రిల్ 19, శుక్రవారం. ఈవినింగ్ డ్యూటీకి వచ్చాను. రాత్రి 7 గంటలకి ఇన్‌ఛార్జ్ అక్క దగ్గరికి వచ్చి, "నైట్‌కి రావలసిన అమ్మాయికి జ్వరమంట తల్లీ, నువ్వు ఉండాలి" అంది. ఉన్నాను. తెల్లవారుజామున 3 గంటలకి ఆరో మంచంలో కోడ్ బ్లూ అయింది, అంటే పేషెంటుకి గుండె ఆగింది. ముప్పావు గంట సీపీఆర్ చేశాం, ఆయన దక్కలేదు. ఆ హడావిడిలో మందుల ట్రే అంతా కలిసిపోయింది. 4:40కి నా పేషెంటుకి యాంటీబయాటిక్ ఇచ్చాక లైన్ ఫ్లష్ చెయ్యడానికి, అంటే నరానికి పెట్టిన గొట్టాన్ని సెలైన్‌తో కడగడానికి, ట్రేలోంచి 10 ఎంఎల్ ప్లాస్టిక్ ఆంపూల్ తీసి, విరిచి, సిరంజిలోకి లాగాను. లైన్‌కి పెట్టబోతూ, ఎందుకో తెలియదు, ఆంపూల్ మళ్ళీ చూశాను. అది సెలైన్ కాదు. పొటాషియం క్లోరైడ్.

నర్సులకి చెప్పనక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెప్తాను: ఆ మందుని సెలైన్ బాటిల్‌లో కలిపి గంటల తరబడి చుక్కచుక్కగా ఎక్కిస్తారు. సిరంజితో నేరుగా నరంలోకి తోస్తే గుండె ఆగిపోతుంది. రెండు ఆంపూళ్ళూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. అందుకే దాన్ని వేరే డబ్బాలో, ఎర్ర స్టిక్కర్‌తో పెట్టాలి. ఇచ్చే ముందు ఇద్దరు నర్సులు చూసుకోవాలి. ఆ రాత్రి రెండో నర్సు ఎక్కడుంది?

సిరంజి పారేశాను. చేతులు వణకలేదు. తక్కిన పని చేశాను. ఉదయం 9:30కి బయటికి వచ్చి బస్టాప్‌లో కూర్చుంటే, మోకాళ్ళ నుంచి మొదలై ఒళ్ళంతా వణుకు పట్టుకుంది. పక్కన మిర్చి బజ్జీల బండి ఆవిడ నీళ్ళిచ్చి, "ఏమైంది బిడ్డా, ఎవలన్న పోయిన్రా?" అని అడిగింది.

ఆ రోజే ఇన్సిడెంట్ ఫారం నింపాను. ప్రాణం మీదికి రాకుండా తప్పిన పొరపాట్లు కూడా రాయాలని ట్రైనింగ్‌లో చెప్పారు కాబట్టి, ట్రే కలిసిపోయిన సంగతి, షిఫ్టులో నలుగురమే ఉన్న సంగతి, అది నా పదిహేనో గంట అన్న సంగతి రాశాను. ఏప్రిల్ 24న మెమో వచ్చింది: విధుల్లో నిర్లక్ష్యం, 48 గంటల్లో సంజాయిషీ ఇవ్వాలి. అందులో నలుగురి ప్రస్తావన లేదు, పదిహేను గంటల ప్రస్తావన లేదు. నేను సంజాయిషీ రాసిచ్చాను. ఒక కాపీ మీద రిసీవ్డ్ అని సంతకం అడిగితే ఇవ్వలేదు. అప్పుడే ఫోన్లో ఫొటో తీసుకుని ఉంటే బాగుండేది.

ఆ తర్వాత రెండు వారాలు నాకు సరిగా గుర్తు లేవు. హాస్టల్లో పడుకుంటే పంపు అలారం వినిపించేది. లేచి చూస్తే ఫ్యాన్ చప్పుడు. నిద్ర రెండు గంటలు, మూడు గంటలు. అన్నం ముందు కూర్చుంటే వాసనకి కడుపులో తిప్పేది. పేషెంటు చనిపోతే ముందు నాకొచ్చే ఆలోచన, మంచం ఖాళీ అయింది, ఒక గంట ఊపిరి పీల్చుకోవచ్చు అని. ఆ ఆలోచన వచ్చిన ప్రతిసారీ నన్ను నేను అసహ్యించుకున్నాను. ఇంట్లో చెప్పలేదు. నాయిన పత్తి అప్పు నా జీతంలోంచే తీరుతోంది. జీతం 22,500. పీఎఫ్ 1,350, వృత్తి పన్ను 200 పోగా చేతికి 20,950. హాస్టల్‌కి 6,500, ఇంటికి 10,000.

మే 2న రాత్రి 14416కి ఫోన్ చేశాను. అది టెలి మానస్, ప్రభుత్వం నడిపే ఉచిత మానసిక ఆరోగ్య నంబరు. తెలుగు ఎంచుకుంటే ఒకమ్మాయి ఎత్తింది. నలభై నిమిషాలు మాట్లాడింది, ఎక్కువగా విన్నది. చచ్చిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా అడిగింది. లేదు, లేవకుండా పడుకోవాలని అనిపిస్తోంది అన్నాను. డాక్టర్‌ని చూడమని చెప్పి, దగ్గరలో ఎక్కడ చూస్తారో చెప్పింది.

ఆ చోటు ఎర్రగడ్డ, ప్రభుత్వ మానసిక వైద్యశాల. ఈ మాట మన దగ్గర ఎలా వాడతారో అందరికీ తెలుసు. చిన్నప్పుడు స్కూల్లో ఎవరినైనా ఏడిపించాలంటే నిన్ను ఎర్రగడ్డలో వెయ్యాలి అనేవాళ్ళం. నేనూ అన్నాను. మే 6, సోమవారం, దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి ఎర్రగడ్డ స్టేషన్లో దిగాను. చున్నీ మొహానికి చుట్టుకునే వెళ్ళాను. ఓపీ చీటీ తీసుకుని రెండున్నర గంటలు కూర్చున్నాను. నా పక్కన ఒక బ్యాంకు ఉద్యోగి, కాలేజీ పిల్లాడు, పసిబిడ్డతో ఒక తల్లి. ఎవరి మొహమూ నేను భయపడ్డట్టు లేదు. కాసేపటికి చున్నీ తీసేశాను.

డాక్టర్ గారు పెద్దావిడ. అంతా విని, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ని, అంటే పని ఒత్తిడితో మనిషి పూర్తిగా అలిసిపోవడాన్ని, తన జబ్బుల జాబితా పుస్తకంలో చేర్చిందని, అయితే జబ్బుగా కాదు, పనిచేసే చోటు వల్ల వచ్చే స్థితిగా చేర్చిందని చెప్పారు. "నీకు నిద్రకి మందు ఇస్తాను. ఆందోళన తగ్గడానికి ఇస్తాను. కానీ నలుగురు చెయ్యాల్సిన పని ఒకరు చేస్తే వచ్చేదానికి నా దగ్గర మాత్ర లేదమ్మా" అన్నారు. ఎన్నో నెలల తర్వాత ఒక మనిషి నా ముందు కూర్చుని, తప్పు నీలో లేదు అన్నట్టు మాట్లాడింది అప్పుడే. 15 రోజుల విశ్రాంతి కావాలని సర్టిఫికెట్ రాసిచ్చారు. మందుల చీటీ మీద ఆసుపత్రి పేరు చూసి హాస్టల్ వాళ్ళు ఏమనుకుంటారోనని దాన్ని యూనిఫాం మడతల్లో దాచాను.

సర్టిఫికెట్ పెట్టి సెలవు అడిగితే నాలుగు రోజులు ఇచ్చారు, జీతం లేకుండా. రోజుకి 750 చొప్పున 3,000 పోయింది. నర్సింగ్ సూపరింటెండెంట్ మేడం సర్టిఫికెట్ చదివి, "ఇది ఫైల్లో పెడితే రేపు నీకు వేరేచోట ఉద్యోగం కష్టమవుతుందమ్మా, నీ మంచికే చెప్తున్నా" అన్నారు. ఆమె నిజంగానే నా మంచి కోరి అన్నారని ఇప్పుడు కూడా అనుకుంటాను. ఆమె ఉద్యోగమంతా ఉన్న పదిమందిని పదిహేను చోట్ల పెట్టడంలోనే గడిచింది. ఆ సర్టిఫికెట్ నా చేతికే తిరిగి వచ్చింది.

మే 15న రాజీనామా రాసి ఇన్‌ఛార్జ్ అక్కకి ఇచ్చాను. అక్క చదివి మడిచి జేబులో పెట్టుకుని, "రెండు రోజులు ఆగు, మళ్ళీ ఆలోచించు" అంది. ఇక్కడ నేను చేసిన పొరపాటు అందరూ తెలుసుకోవాలి. కాగితం ఇస్తే రాజీనామా ఇచ్చినట్టు కాదు. 19వ తేదీ హెచ్‌ఆర్‌కి ఫోన్ చేస్తే మా దగ్గరికి ఏమీ రాలేదన్నారు. 20న మెయిల్ పెట్టాను: హెచ్‌ఆర్‌కి, సూపరింటెండెంట్‌కి, నా సొంత మెయిల్‌కి కాపీ. నోటీసు రెండు నెలలు ఆ రోజు నుంచే లెక్కేశారు. ఐదు రోజులు ఊరికే పోయాయి.

రెండు నెలలు ఎందుకు, నోటీసు బదులు జీతం కట్టేసి వెంటనే వెళ్ళిపోదాం అనుకున్నాను. అప్పుడు డయాలసిస్‌లో పనిచేసే ఒక సీనియర్ బ్రదర్ క్యాంటీన్లో కూర్చోబెట్టి, "నువ్వు చేరింది ఎప్పుడు చెల్లె?" అని అడిగాడు. 2019 జూన్ 10 అన్నాను. "ఐదేళ్ళు నిండకుండా పోతే గ్రాట్యుటీ అడగడానికి గొడవ పడాలె. జూన్ 10 దాటినంక పో" అన్నాడు. గ్రాట్యుటీ అంటే ఏళ్ళ తరబడి చేసి వెళ్ళేవాళ్ళకి యజమాని ఇచ్చే డబ్బు. ఆ మాట నాకు అపాయింట్‌మెంట్ లెటర్లో చదివిన గుర్తు కూడా లేదు. ఆ ఒక్క మాట విలువ నాకు 32,452 రూపాయలు.

నోటీసు రెండు నెలల్లో నేను ఒకటి నిర్ణయించుకున్నాను. చెయ్యని పనికి టిక్కు పెట్టను.

మొదటి రాత్రి మే 23. 2 గంటలకి ఇద్దరిని తిప్పలేకపోయాను. ఆ గడి ఖాళీగా వదిలి, నర్సింగ్ నోట్స్‌లో రాశాను: "రాత్రి 2 గంటలకు పొజిషన్ మార్చలేదు. నలుగురు పేషెంట్లు, ఇద్దరు వెంటిలేటర్ మీద. సహాయానికి మనిషి దొరకలేదు. డ్యూటీ డాక్టర్‌కి తెలియజేశాను." రాస్తుంటే చెయ్యి ఆగింది. అంతకు ముందు నెల మెమో వచ్చిన మనిషిని నేను. ఉదయం ఇన్‌ఛార్జ్ అక్క అది చూసి ఫైల్ మూసేసి నన్ను స్టోర్ రూంలోకి తీసుకెళ్ళింది. "వచ్చే నెల ఆడిట్ ఉంది. ఇది చూస్తే నా ఉద్యోగం పోతుంది. నువ్వు పోయేదానివి, నేను ఉండాల్సినదాన్ని" అంది. పద్దెనిమిదేళ్ళ సర్వీసు ఆమెది. ఇద్దరు పిల్లలు ఇంటర్ చదువుతున్నారు. నేను ఏం చెప్పాలో తెలియక, "అక్కా, ఆ పెద్దాయన వీపు నువ్వూ చూసినవు కదా" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. గాజుగుడ్డల పెట్టె మీద కూర్చుంది. ఆ ఫైల్లో పేజీ మాత్రం చించలేదు.

నేను అలాగే రాస్తూ పోయాను. రెండో వారానికి కొత్త పిల్లల్లో ఒకమ్మాయి కూడా రాసింది. జూన్ రెండో వారంలో ఒక రాత్రి వార్డు నుంచి ఒక సిస్టర్‌ని మాకు పంపారు, ఐదో మనిషిగా. తర్వాత వారంలో రెండు రాత్రులు పంపారు. ఆ తర్వాత ఆగిపోయింది. అక్కడ వార్డులో ఎవరికి ఎంతమంది మిగిలారో నేను అడగలేదు, అడిగి ఉండాల్సింది.

ఈ జీతాల మాట కూడా చెప్పాలి, ఎందుకంటే మనుషులు ఎందుకు ఆగరు అనేది దీంట్లోనే ఉంది. 2016 జనవరిలో సుప్రీంకోర్టు ప్రైవేటు నర్సుల పరిస్థితి మీద కమిటీ వెయ్యమని కేంద్రానికి చెప్పింది. ఆ కమిటీ 200 మంచాలు దాటిన ఆసుపత్రిలో నర్సుకి ఆ రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమానంగా జీతం ఇవ్వాలంది. 50 మంచాల లోపు చిన్న ఆసుపత్రిలో అయినా 20,000కి తగ్గకూడదంది. మాది 200 దాటిన ఆసుపత్రి. 2024లో తెలంగాణలో ప్రభుత్వ నర్సుకి మొదటి బేసిక్కే 36,750. ఐదేళ్ళ ఐసీయూ అనుభవంతో నాకు అన్నీ కలిపి 22,500. అప్పటికే సిఫార్సు చేసి ఎనిమిదేళ్ళయింది. మా వెనక వచ్చిన పిల్లలు 16,000కి చేరారు. వాళ్ళు ఏడాది తిరగకుండా వెళ్ళిపోతే, ఉన్నవాళ్ళ మీద మళ్ళీ డబుల్స్ పడతాయి.

జూలై 20, శనివారం నా చివరి రోజు. నో డ్యూస్ ఫారం (బాకీలేమీ లేవనే కాగితం) మీద పదకొండు సంతకాలు కావాలి: ఫార్మసీ, స్టోర్స్, లాండ్రీ, లైబ్రరీ, ఐటీ, క్యాంటీన్, ఇంకా. అవన్నీ ఒక్క రోజులో అవుతాయనుకున్నాను. నాలుగు రోజులు పట్టింది. స్టోర్స్‌లో మార్చి నెలలో పోయిన పల్స్ ఆక్సిమీటర్ ప్రోబ్ ఒకటి నా పేరు మీద ఉంది, 1,800 కోత. అది పోయిన రోజు నేను ఆఫ్‌లో ఉన్నానని రోస్టర్ చూపించాను. అయినా కట్ చేశారు. వాదించే ఓపిక లేక వదిలేశాను. మీరు వదలకండి, సంతకాల పని చివరి వారం మొదలవగానే ఎత్తుకోండి.

అన్నిటికన్నా కష్టపెట్టింది సర్టిఫికెట్లు. చేరినప్పుడు పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, జీఎన్‌ఎం సర్టిఫికెట్, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, నాలుగూ ఒరిజినల్స్ తీసుకున్నారు. వెరిఫికేషన్ అన్నారు. రెండేళ్ళ బాండ్ 2021లోనే అయిపోయింది, అప్పుడు అడగాలని కూడా తోచలేదు. తీసుకున్నట్టు రసీదు లేదు. జూలై 24న వెళ్ళాను: ఆ బీరువా తాళం ఉన్న సార్ సెలవులో ఉన్నారు. 29న వెళ్ళాను: ఇంకో బిల్డింగ్‌లో ఉన్నాయి, వెతకాలి. ఆగస్టు 2న వెళ్ళాను: సెటిల్‌మెంట్ అయ్యాక ఇస్తాం. ప్రతిసారీ ఊరి నుంచి పొద్దున ఐదున్నర బస్సు. ఆడవాళ్ళకి ఉచిత బస్సు ఇచ్చే మహాలక్ష్మి పథకం వల్ల బస్సుకి టికెట్ పడలేదు, లేకపోతే ఆ ఖర్చు కూడా ఉండేది. మూడోసారి రిసెప్షన్ కుర్చీలో కూర్చుంటే, ఐదేళ్ళు ఆ తలుపు గుండా స్టాఫ్ కార్డు చూపించి వెళ్ళిన నన్ను సెక్యూరిటీ అన్న లోపలికి పోనివ్వలేక ఇబ్బంది పడుతూ, "టీ తెప్పియ్యనా సిస్టర్?" అన్నాడు.

ఆ రాత్రి డయాలసిస్ బ్రదర్ చెప్పినట్టు మెయిల్ రాశాను. ఏయే సర్టిఫికెట్లు ఏ తేదీన ఇచ్చానో, ఎన్నిసార్లు వచ్చానో తేదీలతో రాసి, ఏడు రోజుల్లో ఇవ్వకపోతే కార్మిక శాఖ కార్యాలయంలో లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేస్తానని చివర్లో పెట్టాను. ఆగస్టు 7న ఫోన్ వచ్చింది. 9న వెళ్తే కవర్లో పెట్టి ఇచ్చారు. అంతకుముందు బీరువా తాళం దొరకనిది, ఇప్పుడు ఐదు నిమిషాల్లో దొరికింది. ఇంటర్ మెమో అంచు చెదలు తినేసి ఉంది. అక్కడే నిలబడి నాలుగూ లెక్కపెట్టాను, మళ్ళీ మళ్ళీ. బస్సులో సూర్యాపేట దాకా ఆ కవరు ఒళ్ళోంచి దించలేదు.

రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ కూడా ఆ రోజే ఇచ్చారు. ఇవి రెండు వేరు వేరు కాగితాలు: మొదటిది ఉద్యోగం నుంచి వదిలినట్టు, రెండోది ఎన్నాళ్ళు ఏ పని చేశామో చెప్పేది. ఎక్స్‌పీరియన్స్‌లో ఐసీయూ అని రాయకుండా స్టాఫ్ నర్స్ అని మాత్రమే ఉంది. విభాగం పేరు రాయించుకోవడానికి మళ్ళీ ఆరు రోజులు.

చివరి జీతం, సెలవుల డబ్బు సెప్టెంబర్ 11న పడ్డాయి. గ్రాట్యుటీ దానంతట అదే రాలేదు. ఫారం-ఐ అని ఒక దరఖాస్తు ఇవ్వాల్సి వచ్చింది. లెక్క సులువే: చివరి బేసిక్‌ని (కరువు భత్యం ఉంటే అదీ కలిపి) 26తో భాగించి, 15తో హెచ్చించి, ఎన్నేళ్ళు చేస్తే అంతతో హెచ్చించాలి. నా బేసిక్ 11,250 కాబట్టి 32,452. బేసిక్ ఎందుకు అంత తక్కువ పెట్టి మిగతాదంతా అలవెన్సులు అంటారో నాకు ఆ రోజు అర్థమైంది. పీఎఫ్‌లో వాళ్ళు నేను మానేసిన తేదీ నమోదు చెయ్యలేదు. అది లేకపోతే క్లెయిం ముందుకు పోదు. రెండు నెలలు దాటాక పీఎఫ్ వెబ్‌సైటులో ఆధార్ ఓటీపీతో మనమే ఆ తేదీ వేసుకోవచ్చని తెలిసి, అక్టోబర్ 1న వేశాను. 3న పీఎఫ్ డబ్బుకి ఫారం 19, పెన్షన్ వాటాకి 10సీ పెట్టాను. 17న డబ్బు పడింది. ఐదేళ్ళ సర్వీసు నిండింది కాబట్టి పన్ను పట్టుకోలేదు. నాయిన అప్పులో పెద్ద భాగం ఆ డబ్బుతో తీరింది.

మధ్యలో ఇంట్లో ఉన్న ఆ మూడు నెలల గురించి. మొదటి పది రోజులు పడుకున్నాను, అంతే. అమ్మ లేపి అన్నం పెట్టి మళ్ళీ పడుకోనిచ్చింది. పదో రోజో పదకొండో రోజో, "దవఖానల ఏం జేసిన్రు బిడ్డా నిన్ను?" అని అడిగింది. అప్పుడు చెప్పాను, తొమ్మిదో నంబరు పెద్దాయన సంగతి, ఆంపూల్ సంగతి, ఎర్రగడ్డ సంగతి, వరసగా అన్నీ. ఆమె ఏమీ అనలేదు. తల నూనె పెట్టి దువ్వింది. ఎర్రగడ్డ మందులు ఆమే టైంకి గుర్తు చేసేది. నవంబర్‌లో డాక్టర్ గారు మెల్లగా తగ్గించి ఆపేశారు. అలారం చప్పుడు ఆగస్టు చివర్లో వినిపించడం మానేసింది, ఏ రోజు మానేసిందో చెప్పలేను.

అక్టోబర్ 21 నుంచి సూర్యాపేటలో ఒక డయాలసిస్ సెంటర్‌లో చేస్తున్నాను. పగలు డ్యూటీ, ముగ్గురు పేషెంట్లకి ఒకరం. జీతం 17,000. తక్కువే. కానీ చార్టులో నేను రాసిందీ నేను చేసిందీ ఒకటే.

సెప్టెంబర్‌లో 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకి నోటిఫికేషన్ పడితే దరఖాస్తు పెట్టాను. పరీక్షకి 80 మార్కులు. మిగతా 20 ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సర్వీసు చేసినవాళ్ళకి. కరోనా రెండు వేవ్‌లూ ఐసీయూలో చేసిన నా ఐదేళ్ళకి అందులో సున్నా. కాంట్రాక్టు సిస్టర్లకి ఇవ్వొద్దని నేను అనను, వాళ్ళ కష్టం వాళ్ళది. మాదీ కష్టమే అని మాత్రం చెప్తున్నాను.

నవంబర్ 23న పరీక్ష రాసి బయటికి వస్తే గేటు దగ్గర మెట్ల మీద మా ఐసీయూ అమ్మాయి కనిపించింది, నోట్స్‌లో నాలాగే రాసిన ఆ కొత్త పిల్ల. గోడకి తల ఆనించి నిద్రపోతోంది. లేపాను. నైట్ డ్యూటీ చేసి నేరుగా పరీక్షకి వచ్చిందట. రాత్రి ఎంతమంది అని అడిగితే, "నలుగురు అక్కా, ఇద్దరు వెంట్" అంది. ఇన్‌ఛార్జ్ అక్క ఇంకా ఉందట. ఆడిట్ అయిపోయిందట. ఎదురుగా హోటల్లో కూర్చుని ఇడ్లీ తిన్నాం. తింటూ తింటూ, "అక్కా, నావి కూడా ఒరిజినల్స్ వాళ్ళ దగ్గరే ఉన్నాయి. ముందు మెయిల్ పెట్టాల్నా, లెటర్ ఇయ్యాల్నా?" అని అడిగింది. నేను ఆమె ఫోన్ తీసుకుని, నేను ఆగస్టులో పెట్టిన మెయిల్ ఆమెకి పంపి, తేదీలు మార్చడం మొదలుపెట్టాను.